పెళ్ళినాటి ప్యాంటు

డ్రిల్లు మాస్టారికి లోకంలో రెండే గొప్పలు. ఒకటి మెడలో ఈల. రెండోది పెళ్ళినాటి నీలం ప్యాంటు. "ఇప్పటికీ అతికినట్టు సరిపోతుంది!" అని బళ్ళో పిల్లలకీ, కుళాయి బాగుచెయ్యడానికొచ్చిన వాడికీ కూడా చెప్పేవారు.

ఆ ఆదివారం బావమరిది వస్తున్నాడు. పెళ్ళిలో కందిరీగలా తిరిగిన మనిషి, ఇప్పుడు బియ్యం బస్తా. అతనిముందు ఆ ప్యాంటులో తిరుగుతానని మాస్టారు ఫోనులో ముందే కోతలు కోసేశారు.

తీరా వేసుకోబోతే, ప్యాంటు తొడలదాకా మర్యాదగానే వచ్చి నడుం దగ్గర మొరాయించింది. ఊపిరి బిగబట్టారు. బొత్తామూ కాజా అలిగిన వియ్యపురాళ్ళలా చెరోవైపు మొహం తిప్పుకున్నాయి.

"ఏవండీ, ఇంకా కాలేదా?" వంటింట్లోంచి భార్య.

"ఇస్త్రీ మడత చూసుకుంటున్నానోయ్!"

"ఇంతసేపా?"

"రెండు కాళ్ళున్నాయి కదా మరి!"

వెనక కుట్టు లోపల దర్జీలు కాస్త గుడ్డ వదులుతారని ఆయన విన్నారు. పాత కుట్టు విప్పి, అంచుకు దగ్గరగా కొత్త కుట్టు వేస్తే నడుం వదులవుతుంది. నాలుగు కుట్లు వెయ్యడం ఏమంత బ్రహ్మవిద్య?

పైజామా తొడుక్కుని, భార్య కుట్టుపెట్టె గదిలోకి లాక్కొచ్చి, తలుపు దగ్గరగా వేసి, బ్లేడుతో కుట్టు పర్రున విప్పేశారు.

తీరా చూస్తే లోపల మిగులు గుడ్డే లేదు! పాత కుట్లు ఊడదీసిన సూది బెజ్జాలు మాత్రం చీమలబారుల్లా, ఒకదాని పక్కన ఒకటి. ఆఖరి బారు సరిగ్గా అంచుమీదే ఉంది.

"బావా!" వీధిలోంచి కేక.

మాస్టారు సూదీదారం అందుకున్నారు. విప్పినదాన్ని ఉన్నచోటే కలిపేద్దామని, ప్యాంటు ఒళ్ళో పరుచుకుని గబగబా బారెడేసి కుట్లు వేశారు.

"ఏదీ బావా, ఆ ప్యాంటు?" బావమరిది తలుపు తోసుకుని వచ్చేశాడు.

మాస్టారు లేచారు. ప్యాంటు కూడా ఆయనతోపాటే లేచింది. పైజామాతో కలిపి కుట్టేశారు!

"బావా, నాలుగు కాళ్ళేంటి నీకు?"

వెనకే వచ్చిన భార్య నవ్వు పెదవి కింద దాచుకుంది. "నాకు సాయంగా ఉంటుందని కుట్టుపని నేర్చుకుంటున్నార్రా. నువ్వెళ్ళి కాస్త చల్లగా నీళ్ళు తాగు."

తమ్ముడు వెళ్ళాక ఆవిడ కింద కూచుని ఒక్కో కుట్టూ కత్తిరించింది.

"లోపలి గుడ్డ ఏమైందే?" మాస్టారు గొణిగారు.

"మీరు బడికెళ్ళినప్పుడు ఏటా కుట్టు విప్పి కాస్త వదులు చేశాను."

"ఒక్కమాట చెప్పలేదేం?"

"ఊరందరికీ అంత సంబరంగా చెప్పుకుంటుంటే, నాకు నోరెలా వస్తుందండీ?"

సూదిలో దారం ఎక్కించి, వెనక కుట్టు తిన్నగా వేసి, ముడివేసి పంటితో తెంపింది. ప్యాంటు ఆయన భుజంమీద వేసింది.

"నావైపు గుడ్డ అయిపోయింది. ఇక తగ్గాల్సింది మీరే."

మర్నాడు బళ్ళో ఈల ఊదింది పిల్లలు. మైదానం చుట్టూ పరిగెత్తింది మాస్టారు.