కాడ్ చేప, ఒక ‘నువ్వు’

గుడ్ ఫ్రైడే ఉదయం లోరెంజ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నానికి కాడ్ చేపను వెనిగర్ నీళ్ళలో ఉడికించి, పక్కన బంగాళాదుంపలూ ఆవపిండి సాసూ పెట్టి, కాబోయే అత్తగారి చేత ‘నువ్వు’ అనిపించుకోవాలి. చేప సంగతి ఎలా ఉన్నా, ఆ చివరిదే అసలు పని.

గెజీన హిన్రిక్సెన్ గారు సముద్రం ఒడ్డున హుజుమ్ అనే ఊళ్ళో లాటిన్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. పోస్ట్‌మాన్ దగ్గర్నుంచి పక్కింటి కుక్క దాకా అందరినీ ‘మీరు’ అంటారు. ఏడేళ్ళుగా తన కూతురితో కాపురం చేస్తున్న లోరెంజ్‌ని కూడా ఇంటిపేరుతో ‘హేబర్లె గారూ, మీరు’ అనే అంటున్నారు. వాళ్ళ దేశంలో పద్ధతి అంతే. ‘నువ్వు’ను పెద్దవాళ్ళే ఇవ్వాలి, చిన్నవాళ్ళు అడగకూడదు, ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడం ఉండదు. జూన్‌లో పెళ్ళి. రిజిస్ట్రారు ముందు కూడా ‘హేబర్లె గారూ, మీరిటు జరగండి’ అనిపించుకోవాల్సి వస్తుందేమోనని అతనికి నిజంగానే బెంగగా ఉంది.

“నీళ్ళు మరగనివ్వకు,” అంది ఇంకెన్, తల్లిని తీసుకురావడానికి కారు తాళాలు అందుకుంటూ. “కాస్త వణకాలి, అంతే. మరిగాయంటే అమ్మ ఏమీ అనదు. కానీ జన్మలో మర్చిపోదు.”

“పేరేమో ఉడికించిన చేప. ఉడకనివ్వకూడదంటే ఎలా?”

“మీ కొండల్లో చేపలుంటే కదా నీకు తెలియడానికి,” అనేసి ఆమె స్టేషన్‌కు వెళ్ళిపోయింది.

లోరెంజ్ వంటింట్లోకి వెళ్ళేసరికి స్టవ్ మీద పెద్ద గిన్నె, దాన్నిండా నీళ్ళు, ముక్కు అదిరేంత వెనిగర్ వాసన. ఇంకెన్ అన్నీ అమర్చిపెట్టి వెళ్ళిందని పొంగిపోయాడు. ఉల్లిపాయ, బిర్యానీ ఆకు, మిరియాలు, ఉప్పు వేసి మంట పెట్టాడు. నీళ్ళు వణకడం మొదలుపెట్టగానే చేపను పసిపిల్లను నీళ్ళలో దించినట్టు దించాడు. ఈ రోజు ఊళ్ళో ఒక్క దుకాణం కూడా తెరవరు. ఇది చెడితే ఇంకో చేప లేదు.

అప్పుడే ఫోన్ మోగింది.

“అమ్మ దిగింది, బయల్దేరాం. స్పీకర్లో ఉన్నావు,” అంది ఇంకెన్. “పెద్ద గిన్నె కడిగేశావా?”

“ఏ గిన్నె?”

“స్టవ్ మీదది. అడుగున సున్నం పట్టిందని వెనిగర్ ఎసెన్సు సీసా మొత్తం పోసి నానబెట్టాను కదా. అది పారబోసి, బాగా తోమాకే చేప వెయ్యి.”

లోరెంజ్ గిన్నెలోకి చూశాడు. సున్నం వదిలించే నీళ్ళలో చేప ప్రశాంతంగా పడుకుని ఉంది.

“హేబర్లె గారూ, మీకేమైనా ఇబ్బందా?” కారులోంచి హిన్రిక్సెన్ గారి గొంతు.

“అబ్బే, ఏం లేదండీ. గిన్నె ఆరుతోంది.”

ఫోన్ పెట్టేసి చేపను చిల్లుల గరిటెతో పైకి తీశాడు. కుళాయి కింద కడగబోతే అది రెండు ముక్కలై సింకులో పడింది. కాస్త తుంచి నోట్లో వేసుకున్నాడు. దవడలు బిగుసుకుపోయాయి. చిన్న గిన్నెలో మంచినీళ్ళు పోసి, పులుపు విరుగుతుందని గుప్పెడు పంచదార వేసి, ముక్కల్ని అందులో పడేసి మూత పెట్టి మంట పెంచాడు. వాసన పోవాలని వీధి తలుపు తెరిచాడు. వాసన పోయింది గానీ, మెట్ల మీదుగా నేరుగా కింది వాటా క్నోప్ గారింట్లోకి పోయింది. ఆయన పైకి రానే వచ్చారు.

“హేబర్లె గారూ, గుడ్ ఫ్రైడే పూట మెట్లు కడుగుతున్నారా?”

“లేదండీ, చేప వండుతున్నాను.”

“మా బాత్రూం తోమినప్పుడు ఇదే వాసన వస్తుంది. ఈ రోజు ఒక్క గుడ్డ ఉతికినా ఇంటికి అరిష్టమనేది మా అమ్మ. మీరు ఏకంగా సున్నం వదిలిస్తున్నారు.”

“నిజంగా చేపేనండీ.”

“అయితే చూపించండి.”

చూపించడానికి ఏముంది గనుక. లోరెంజ్ గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టి నిలబడ్డాడు. వెనక వంటింట్లో మూత గలగలా కొట్టుకోసాగింది. నీళ్ళు మరుగుతున్నాయి. వెళ్ళి మంట తగ్గిద్దామంటే క్నోప్ గారు లోపలికి వచ్చేస్తారు. అంతలో మెట్ల మీద ఆడవాళ్ళ చెప్పుల చప్పుడు వినిపించింది.

“మీ అల్లుడుగారు ఇలాంటి రోజున సున్నం వదిలిస్తూ, చేప అని బొంకుతున్నారు,” అని క్నోప్ గారు పైనుంచే ఫిర్యాదు చేశారు.

హిన్రిక్సెన్ గారు కోటైనా విప్పకుండా తిన్నగా వంటింట్లోకి నడిచారు. వెనకే అందరూ వెళ్ళారు. ఆవిడ మూత తీశారు. గిన్నెలో చేప లేదు. తెల్లటి జావ ఉంది, అది సలసలా కాగుతోంది.

“ఓరి నాయనా, నువ్వు దీన్నేం చేశావు?”

లోరెంజ్‌కి చేప వినపడలేదు, చేసిన తప్పూ వినపడలేదు. ఆ ఒక్క మాటే వినపడింది. ఇంకెన్ చేతిలోని సంచి మెల్లగా కింద పెట్టింది.

“అమ్మా, ఇప్పుడేమన్నావు?”

“ఏమన్నాను? మీరు దీన్నేం చేశారు అన్నాను.”

“‘నువ్వు’ అన్నారు,” అన్నారు గుమ్మంలోంచి క్నోప్ గారు. “నేను విన్నాను.”

“నోరు జారింది.”

“జారినా ఇచ్చినట్టేనండీ,” అన్నారాయన. ఏ నియమం విషయంలోనైనా ఆయనకు పట్టుదల ఒకటే.

వ్యాకరణం తప్పిన ఒక్క పిల్లవాణ్ణీ వదలని మనిషి, ఇప్పుడు తనే ఎలా తప్పించుకుంటారు? ఆవిడ మంట ఆర్పి, చేతి తొడుగు తీసి, ‘నువ్వు’ ఇచ్చేటప్పటి ఆనవాయితీ ప్రకారం చెయ్యి చాచి తన పేరు చెప్పారు.

“గెజీన.”

“లోరెంజ్,” అన్నాడతను చెయ్యి ఏప్రన్‌కు తుడుచుకుని. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సంతోషం పట్టలేకపోయాడు.

మధ్యాహ్నం బంగాళాదుంపలూ సాసూనే భోజనం.

“కూర్చో లోరెంజ్,” అన్నారు గెజీన. “పరాయివాణ్ణి ఏమంటాంలే అని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. ఇప్పుడు మనం మనం కాబట్టి చెబుతున్నాను. దుంపను కత్తితో కొయ్యకు, ఫోర్కుతో చిదుపు. ఆ మీసం నీకు నప్పలేదు, తీసెయ్. పెళ్ళి మాటెత్తడానికి ఏడేళ్ళు పట్టిందేం నీకు? గుమ్మంలో చెప్పులు అంత అడ్డంగా విడిచావేం? నీ ఉద్యోగం సంగతి కాఫీ తాగాక మాట్లాడదాం.”

కాఫీ అయినా ఉద్యోగం సంగతి అవలేదు. మిగతావి వచ్చే ఆదివారం చెబుతానని ఆవిడ రైలు కిటికీలోంచి మాటిచ్చారు.

‘మీరు’ అనడంలో ఎంత దయ ఉందో, రైలు కదిలాక గానీ లోరెంజ్‌కి తెలియలేదు.