మట్టి కింద మాట

ఆ పొద్దున ఆ ఇంటి కోడలైన శిల్పి అనుకున్నది చాలా చిన్న పని. ఇంట్లో కాఫీ తాగుతూ, గ్యాలరీకి పంపిన తన కళాఖండపు రికార్డింగును ఒక్కసారి చెవులారా వినాలి, సాయంత్రం ప్రారంభోత్సవానికి అత్తగారిని వెంటబెట్టుకు వెళ్లాలి. గ్యాలరీలో ఓ చీకటిగది, అందులో చీలమండల లోతు మట్టి. చెప్పులు విడిచి నడుస్తుంటే కింద నుంచి గుండె చప్పుడూ, ఆనకట్టలో మునిగిన ఊరిని వదిలి వచ్చిన కథ చెప్పే అత్తగారి గొంతూ వినిపిస్తాయి.

కాఫీ సగంలో ఉండగానే కథ అయిపోయింది. మాటలు మాత్రం ఆగలేదు. ఈసారి గొంతు శిల్పిదే.

"అక్కా, మా అత్తగారు చెప్పిందే చెప్పి నా ప్రాణాలు తోడేస్తున్నారే! ఆ ఊరు ఒక్కసారే మునిగింది, నేను రోజూ మునుగుతున్నా."

శిల్పికి అప్పుడు వెలిగింది అసలు సంగతి. కథ చెప్పించిన రోజు అత్తగారి శాలువాకు తగిలించిన అగ్గిపెట్టెంత రికార్డరును తీయడం మరిచింది. ఆ శాలువా వేలాడుతున్న వంటింటి కుర్చీలోనే కూర్చుని అక్కకు ఫోన్ చేసింది. చివరికి కత్తిరించిన ముక్కకు బదులు మొత్తం రికార్డింగును గ్యాలరీకి పంపేసింది. మిగతాది వినే ధైర్యం లేక కట్టేసి, దాన్ని మార్చమని గ్యాలరీ మేనేజరుకు ఫోన్ చేసింది.

"మీ రికార్డింగున్న స్పీకరు పెట్టెను మట్టి కింద పాతేశామండీ. పైన మూడు లారీల మట్టి! తీగ పీకితే గుండె చప్పుడూ పోతుంది, ఇక మిగిలేది మట్టే," అన్నాడాయన.

అత్తగారు మళ్లీ తన ముఖం చూస్తారా? శిల్పికి ఆ భయమే పట్టుకుంది. ఆవిణ్ణి ఆపడం తప్ప దారి లేదు.

"అత్తయ్యా, మట్టి తడిగా ఉంది, జారిపడతారు."

"అబ్బాయి చెయ్యి పట్టుకుంటాడులే."

"దుమ్ముకి ఆయాసం వస్తుందేమో!"

"అయితే డాక్టరుగారినీ రమ్మంటా."

"చీకటంటే మీకు భయం కదా?"

అత్తగారు కోడలి వైపు అదోలా చూశారు. "భయమే. అందుకే పక్కింటివాళ్లందర్నీ తీసుకొస్తా."

సాయంత్రం చీకటిగదిలో అందరూ నిలబడ్డారు. "ఇంటికి తాళం వేశాను. నీళ్లకి తాళమేమిటో!" అని మట్టి కింది గొంతు అంటుంటే ఎవరో ముక్కు చీదారు. తర్వాత అక్కతో మాటలు మొదలయ్యాయి. భూమి చీలితే బాగుండుననుకుంది శిల్పి. మూడు లారీల భూమి కాళ్ల కిందే ఉన్నా చీలలేదు.

అంతలో మళ్లీ అత్తగారి గొంతు, పక్కింటావిడతో. "మా కోడలి ధర్మమా అని మట్టి పడని గిన్నె లేదు మా ఇంట్లో! వంటొస్తే ఒట్టు. అయినా ఇన్నేళ్లలో నా ఊరి సంగతి అడిగింది అదొక్కతే. మళ్లీ అడుగుతుందన్న ఆశతో చెప్పిందే చెబుతుంటా."

శిల్పికి కళ్లు చెమర్చాయి. చీకట్లో ఓ చల్లటి చెయ్యి ఆమె మణికట్టు పట్టుకుంది.

"అమ్మాయ్, పొద్దుట్నుంచీ భయంతో చస్తున్నా," అన్నారు అత్తగారు గుసగుసగా. "ఆ రికార్డరు నా శాలువాకే ఉండిపోయిందని ఆ రాత్రే చూశా. నువ్వు రావద్దంటుంటే అంతా విన్నావనుకున్నా. పదిమందిలో అయితే తిట్టవని అందర్నీ పోగేశా."

"నా మాటల దగ్గరే ఆపేశానత్తయ్యా!"

దీపాలు వెలిగాక చప్పట్లు మోగాయి. ఇంత నిజాయితీ గల కళ తానెన్నడూ చూడలేదని డాక్టరుగారు అన్నారు.

ఆనాటినుంచీ ఆ ఇంట్లో ఎవరి మీద ఎవరు చెప్పుకోవాలన్నా, ముందు శాలువా దులుపుతున్నారు.