అటక కింద దగ్గు

ఆ రోజు ప్లాను చాలా చిన్నది. ఎవరూ ఏమీ ముట్టుకోకూడదు. ఇల్లు ఎలా ఉందో అలాగే ఉండాలి, అంతే.

"పదింటికి ఓనరుగారు వస్తున్నారు. అటక మీద బూజు, కప్పుకి వాన కారిన మచ్చ, కింద బకెట్లు, అన్నీ ఆయన కళ్ళారా చూడాలి," అని కోడలు భర్తకి నాలుగోసారి చెప్పింది. ఆమె స్కూలు యూనిఫాంలు కుడుతుంది. కుట్టిన మూటలన్నీ అటక మీదే ఉంటాయి. పోయిన నెల చెమ్మకి ఒక మూట మూటంతా బూజు పట్టి తిరిగొచ్చింది. ఇంకొకటి వెనక్కొస్తే పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తామని స్కూలువాళ్ళు చెప్పేశారు. ఓనరుగారేమో రేపు కూతురి దగ్గరికి వెళ్తే మళ్ళీ వానలు తగ్గాకే రావడం. పైగా కంటితో చూడనిదే దేన్నీ నమ్మే మనిషి కాదు.

"అలాగే," అన్నాడు భర్త. ఆయన డ్రాయింగు మాస్టారు. భార్యకి గానీ తల్లికి గానీ ఈ జన్మలో కుదరదని చెప్పి ఎరగడు.

కోడలు గుండీలు కొనడానికి బజారుకెళ్ళింది. అంతే, కొంప మునిగింది.

"పరాయి మనిషి ఇంటికొస్తుంటే ఈ అవతారమేమిట్రా? నీ పెళ్ళానికి ఇల్లు సర్దుకోవడం రాదనుకోరూ?" అంది మాస్టారి తల్లి. కోడల్ని తను నాలుగు మాటలంటుంది గానీ, పైవాళ్ళు ఒక్క మాటంటే ఆవిడ ఊరుకోదు. బకెట్లు పెరట్లోకి పోయాయి. బూజు మాయమైంది. మూటలు మంచం కిందికి చేరాయి. మాస్టారు "అలాగే" అని నిచ్చెనెక్కి, తెలుపులో కాస్త పసుపురంగు, ఒక్క చుక్క నలుపు కలిపి మచ్చ మీద పూశాడు. పాపం, జీవితంలో అంత బాగా ఏదీ వెయ్యలేదు.

కోడలు తిరిగొచ్చేసరికి ఓనరుగారి స్కూటరు వీధి మలుపు తిరుగుతోంది. పైకి చూసింది. మచ్చ లేదు.

"రంగు కలిసింది కదూ?" అన్నాడు మాస్టారు.

"బ్రహ్మాండంగా కలిసింది. ఇప్పుడు డాబా ఎక్కండి. అటక పైన పగులుందే, అక్కడ నీళ్ళు పోయాలి. నేను దగ్గినప్పుడల్లా ఒక బకెట్."

"అలాగే."

ఓనరుగారు ఒక్కరే రాలేదు. వెనకాల తాపీ పట్టుకుని మేస్త్రీ ఉన్నాడు. "ఈసారి చూడకుండానే నీ మాట నమ్మానమ్మా. ఇవాళే పని మొదలెట్టిద్దామని మేస్త్రీని కూడా తెచ్చాను," అంటూ పైకి చూశారు. చూస్తూ ఉండిపోయారు. "ఏదీ, ఎక్కడ?"

నిజం చెబితే అత్తగారి పరువు పోతుంది. చెప్పకపోతే యూనిఫాంలు పోతాయి. ఆవిడేమో గుమ్మంలో నిలబడి తళతళలాడే ఇల్లు చూసుకుని మురిసిపోతోంది. ఆ ముఖం చూశాక చెప్పడానికి కోడలికి మనసొప్పలేదు. దగ్గుదామని నోరు తెరిచింది.

ఆమెకంటే ముందు మేస్త్రీ దగ్గాడు. రంగు వాసన గొంతుకి పట్టుకుంది. పైన దభాలున నీళ్ళు పడ్డాయి. "ఏమిటా చప్పుడు?" అంటూ ఓనరుగారు కూడా దగ్గారు. మళ్ళీ నీళ్ళు. "మంచినీళ్ళు తెస్తానుండండి," అంటూనే అత్తగారు దగ్గింది. ఇక ముగ్గురూ వంతులేసుకున్నట్టు దగ్గుతూనే ఉన్నారు. పైన మాస్టారు ఒక్క దగ్గుకీ లోటు చెయ్యలేదు. ట్యాంకు సగమైంది. కప్పు నుంచి మాత్రం ఒక్క చుక్క రాలేదు.

"కప్పు గట్టిగానే ఉందమ్మా," అని ఓనరుగారు మేస్త్రీని పదమన్నారు.

కోడలికి ఏడుపొచ్చింది. అది చూసేసరికి అత్తగారి మురిపెం కాస్తా దిగిపోయింది. "ఆగండి బాబూ. అక్కడ ఇంత మచ్చుంది. మా అమ్మాయి అలాగే ఉంచమంది, నేనే రంగు వేయించాను. తప్పు నాది. చూపిస్తానుండండి," అని బూజుకర్ర తీసుకుని పైకప్పుని ఒక్క పోటు పొడిచింది.

రంగూ, పెచ్చులూ, ఇరవై బకెట్ల నీళ్ళూ కలిసి ఓనరుగారి నెత్తిన పడ్డాయి.

ఆయన కళ్ళజోడు తీసి, తుడవడానికి ఒంటి మీద పొడి చోటు వెతుక్కుని, దొరక్క, అలాగే పెట్టుకున్నారు. "మేస్త్రీ, పని మొదలెట్టు. అయ్యేదాకా నేను ఊరెళ్ళను," అన్నారు. కోడలు అత్తగారి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

గడప దాటబోతూ ఓనరుగారు ఆగి, అనుమానంగా పైకి చూశారు.

"అమ్మా, ఇది దగ్గితేనే కారుతుందా, వానొచ్చినా కారుతుందా?"