ప్రకటనగారి ఆపరేషన్ విజయవంతం

“ఇకమీదట మన ప్రజలు ప్రోస్టేట్ క్యాన్సర్‌కి భయపడక్కర్లేదు. క్యాన్సరే మన ప్రజలకి భయపడాలి!”

పెద్దాసుపత్రికి సర్జరీ చేసే రోబో వచ్చిన సందర్భంగా ఆరోగ్యమంత్రిగారు ఇలా సెలవిచ్చేసరికి హాలు దద్దరిల్లింది. ఆ మాట రాసిచ్చిన మనిషి మాత్రం వెనక వరసలో నిలబడి బాత్రూమ్ ఎటువైపుందా అని దిక్కులు చూస్తున్నాడు. ఆయన మంత్రిగారి పేషీలో పత్రికా ప్రకటనలు రాసే ఉద్యోగి. ఇరవయ్యారేళ్లుగా అదే పని కావడంతో అందరూ ఆయన్ని ప్రకటనగారు అనే పిలుస్తారు. జరగబోయేదాన్ని జరిగిపోయినట్టు ముందురోజే రాసి పంపడంలో ఆయనది అందె వేసిన చెయ్యి. కూలిపోయిన వంతెనలు కూడా ఆయన కాగితాల మీద ఇంకా చెక్కుచెదరకుండా ఉన్నాయి.

గంటకోసారి బాత్రూమ్ వెతుక్కోవడం చివరికి పరీక్షలదాకా వెళ్లింది. రిపోర్టు చూసి సర్జన్ డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. “క్యాన్సరేనండీ. ప్రోస్టేట్ దాటి పోలేదు, తీసేస్తే సరిపోతుంది. కానీ నాన్చకండి.”

ప్రకటనగారు ఇంటికొచ్చి చెబితే భార్య కళ్లు తుడుచుకుంటూనే అంది: “ఊరందరికీ ధైర్యం రాసిపెట్టారుగా. మనకో కాపీ ఉంచుకోలేకపోయారా?”

సంగతి తెలిసి మంత్రిగారు పొంగిపోయారు.

“మనవాడికే వచ్చిందా! ఏం అదృష్టమయ్యా! మొదటి పేషెంటు నువ్వే!”

“ధన్యుణ్ణి సార్,” అన్నాడు ప్రకటనగారు. అలవాటైన నోరు, ఆగలేదు.

మర్నాడు మంత్రిగారు రోబోని చూడ్డానికొచ్చారు. “డాక్టరమ్మా, ఇది దానంతటదే కోస్తుందా?”

“లేదండీ. నేనిక్కడ కూర్చుని చేతులు కదిపితే, అక్కడ అది కదుపుతుంది.”

“మరి మధ్యలో మీరెందుకు? ఏమయ్యా, ప్రకటనలో ఆ ముక్క కొట్టెయ్.”

కొట్టేశాడు. తన పొట్ట కొయ్యాల్సిన మనిషిని తన పెన్నుతోనే కొట్టేశాడు. ప్రారంభోత్సవానికి ముందురోజు సాయంత్రం, ‘శస్త్రచికిత్స విజయవంతం. చిరునవ్వుతో మంత్రిగారికి కృతజ్ఞతలు తెలిపిన రోగి’ అని పేపర్లకి పంపేశాడు. రాస్తుంటే, సిగ్గులేకుండా, ఆయనకే కాస్త ధైర్యం వచ్చింది.

తెల్లారాక ఆస్పత్రి గౌను వేసుకుని బల్లమీద పడుకున్నాడు. పక్క హాల్లో రోబో చేత్తో రిబ్బను కత్తిరిస్తున్నారు. మొదటి ఫొటోలో మంత్రిగారి కళ్లు మూసుకుపోయాయి. రెండోదాంట్లో ఎమ్మెల్యే అడ్డొచ్చాడు. మూడోసారి రిబ్బను రంగు నచ్చలేదు. అలా సాగుతూనే ఉంది. ప్రతిసారీ కత్తెర ఊడదీసి, తుడిచి, మళ్లీ తగిలించారు. చప్పట్లు మాత్రం ప్రతిసారీ కొత్తగానే కొట్టారు.

మధ్యాహ్నానికి డాక్టరమ్మ దిగాలుగా వచ్చింది.

“ఆ కత్తెర పదిసార్లు తగిలిస్తే అంతేనండీ. మిషనే లెక్కపెట్టుకుని పదకొండోసారి మొరాయిస్తుంది. పదీ రిబ్బనుకే అయిపోయాయి.”

“ఇంకోటి లేదామ్మా?”

“ఉండేది. అది నిన్న రిహార్సల్లో పోయింది. కొత్తది రావడానికి మూడు నెలలట.”

“పోనీ, మీ చేత్తోనే చేసెయ్యండమ్మా.”

ఈ మాటకి సూపరింటెండెంట్ అడ్డుపడ్డాడు. “మీకు ఆపరేషన్ అయిపోయిందని పొద్దున్నే పేపర్లో వచ్చింది. దాన్నిబట్టే రికార్డూ రాసేశాం. తీసేసిన ప్రోస్టేట్‌ని మళ్లీ తియ్యడానికి రూల్స్ ఒప్పుకోవండీ.”

ఎవరు తీసిన గోతిలో వారే పడతారంటారు. ఈయన గొయ్యి తియ్యడమే కాదు, దానికి ప్రారంభోత్సవ ప్రకటన కూడా రాశాడు.

సాయంత్రం మంత్రిగారు పూలగుత్తితో, కెమెరాలతో వార్డుకి వేంచేశారు.

“నొప్పుందా?”

“లేదు సార్.”

“రక్తం?”

“చుక్క పోలేదు సార్.”

“కుట్లు?”

“ఒక్కటీ పడలేదు సార్.”

మంత్రిగారే గౌను పైకెత్తి నున్నటి పొట్ట లోకానికి చూపించారు. విలేఖరులు ముక్కున వేలేసుకున్నారు. సర్వీసులో వరసగా మూడు నిజాలు చెప్పడం ప్రకటనగారికి అదే మొదలు.

రెండ్రోజులకి డాక్టరమ్మ ఫోన్ చేసింది. “రేపు పొద్దున్నే రండి. నా చేత్తోనే చేసేస్తాను. రికార్డులో హెర్నియా అని రాసుకుంటాలెండి. ఆపరేషన్ల లైనులో ఒకళ్ల టైము ఖాళీ అయింది.”

“ఎలా ఖాళీ అయిందమ్మా?”

“ఓ తాపీమేస్త్రీది. మీలాంటి కేసే. పేపర్లో మీ ఫొటో చూసి, నాకు కత్తి వద్దు, కుట్లు పడని రోబోయే కావాలని కూర్చున్నాడు. కత్తెర లేదయ్యా అన్నా నమ్మడు. మీరైనా చెప్పండి. మీ మాటైతే వింటాడు. విన్నాడంటే మాత్రం రేపటి టైము మళ్లీ ఆయనదే.”

భార్య పక్కనుంచి అంతా విన్నది. “చెబుతారా?”

“చెప్పకపోతే మనిషినేనా? చెబుతాను,” అన్నాడు.

పొద్దున్న స్ట్రెచర్ మీద తోసుకెళ్తుంటే వరండాలో మేస్త్రీ ఎదురొచ్చాడు. గోళ్లలో సిమెంటు ఇంకా పోలేదు. ఫొటోలో మొహం గుర్తుపట్టి, గబగబా వచ్చి దణ్ణం పెట్టాడు.

“మీరు చల్లగా ఉండాలి బాబూ! మీ పుణ్యమా అని కత్తి తప్పింది. లేకపోతే ఈపాటికి నన్ను కోసేసేవాళ్లు.”

ప్రకటనగారు చెబుదామని నోరు తెరిచాడు. చెబితే ఈ స్ట్రెచర్ దిగాలి.

“నా వంతు ఎప్పుడొస్తుందంటారు బాబూ?”

“అతి త్వరలో,” అన్నాడు ప్రకటనగారు.

మేస్త్రీ మళ్లీ దణ్ణం పెట్టి, పరుగున ముందుకెళ్లి, స్ట్రెచర్ పోవడానికి థియేటర్ తలుపు తెరిచి పట్టుకున్నాడు.