వెండిపొన్ను కట్టె

యుద్ధం రోజులవి. చిన్న మంగళారం ఊరి జనార్దన్ పటేల్‌కు మంచం దిగడమే పెద్ద పని. ఎక్కడికి కబురు పోవాలన్నా తన వెండిపొన్ను కట్టెను జీతగాడు యాదయ్య చేతికిచ్చి పంపేవాడు. కట్టె వచ్చిందంటే పటేల్ వచ్చినట్టే లెక్క. ఆ పొద్దున కూడా అలాగే పంపాడు. ఇంటికున్న ఒక్క పాడి బర్రె కొండకల్‌లో బాలమల్లు దగ్గర మేతకు ఉంది. ఈనే రోజులు దగ్గరపడ్డాయి, తోలుకొని రావాలి.

యాదయ్య మొయినాబాద్ సంతలో కల్లు దగ్గర ఆగాడు. "గీ కట్టె చూపిస్తే చాలు, కొండకల్‌ల మా బర్రెను ఇప్పి చేతిల పెడతరు" అని పక్కవాడికి గొప్పలు చెప్పి కునుకు తీశాడు. లేచేసరికి కట్టె లేదు, పక్కవాడూ లేడు.

"అయ్యా, నీ కట్టె పోయింది!" అంటూ ఇంటికి ఉరికొచ్చాడు.

"కట్టె గాదురా, నేనే పోయిన! వాడిప్పుడు నా పేరు మీద ఊర్లేలుతడు!" పటేల్ చెప్పుల్లో కాళ్లు దూర్చాడు.

"జర ఆగుండ్రి, బాలమల్లు ఒక మాట అడుగుతడు..." అంది భార్య గోపమ్మ.

"నా బర్రెను నాకియ్యనీకె అడిగేటోడెవడు?" అంటూ నడక అందుకున్నాడు.

గోపమ్మ ముందుచూపున్న మనిషి. బర్రెను తానే తోలుకెళ్లి అప్పగించిన రోజున బాలమల్లుకు చెప్పి వచ్చింది: "కట్టె ఎవనికన్న చిక్కుతది. బర్రె పేరడుగు. గది మా ఇంట్లోళ్లకే ఎరుక."

పటేల్ చేరేసరికి కట్టె తెచ్చినవాడు గుంజకు కట్టేసి ఉన్నాడు. బాలమల్లు ఎన్నడూ పటేల్ ముఖం చూడలేదు.

"నేను జనార్దన్ పటేల్‌ను!"

"గా గుంజకున్నోడు గూడ గదే అన్నడు. బర్రె పేరేంది?"

మూడు పూటలా దాని పాలు తాగిన మనిషి తల గోక్కున్నాడు. "...లచ్చిమి?"

"వాడు గూడ లచ్చిమే అన్నడు. ఇద్దరిదీ ఒకటే ముఠా!"

గుంజకు రెండో వైపు పటేల్‌ను కట్టేశారు.

సాయంత్రానికి గోపమ్మ బండి దిగింది. "ముత్యాలూ!" అని పిలవగానే బర్రె పలుపు తెంచుకొని ఉరికివచ్చింది.

"బర్రె సంగతి సరే అవ్వా. వీళ్లల్ల మీ పటేల్ ఎవరు?" అన్నాడు బాలమల్లు.

గోపమ్మ ఇద్దరి పాదాలూ నిదానంగా చూసింది. "గా బొబ్బలెక్కినాయన. మా ఆయన గింత దూరం ఎన్నడు నడిచిండని?"

ఊరంతా నవ్వింది. కట్లు విప్పుతుంటే పటేల్ చేతులు జోడించినంత పని చేశాడు. "నువ్వు రాకుంటే నేను నేనేనని చెప్పేటోడే లేకపాయె!"

ముత్యాలన్న పేరు దొంగ చెవిన పడింది కనుక, గోపమ్మ ఇల్లు చేరకముందే బర్రెకు కొత్త పేరు పెట్టింది. పటేల్‌కు మాత్రం చెప్పలేదు.