ప్రశాంత మూల, ప్రయోగాత్మకం

ఆత్మల రక్షణకు మానవుడు ఇంతవరకు కనిపెట్టిన సాధనాలన్నిటిలోకీ మెత్తని కుర్చీయే శ్రేష్ఠమైనదని రాజోలు దగ్గరున్న మా కృపాసాగర ప్రార్థన మందిరం కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. మినిట్స్ రాసేది నేనే కాబట్టి ఆ ఏకగ్రీవం సంగతి నాకు తెలుసు. (ముగ్గురు ఒప్పుకున్నారు, ఇద్దరు కునుకు తీస్తున్నారు.)

గొడవంతా అంగన్‌వాడీ టీచరు విజయకుమారిగారితో మొదలైంది. భర్త కృష్ణమోహన్‌గారికి జబ్బు చేస్తే సంఘమంతా నలభై రోజులు ఉపవాస ప్రార్థన చేసింది. నలభై ఒకటో రోజున ఆయన పోయారు. ఆనాటి నుంచి ఆవిడ మందిరం గుమ్మంలో చెప్పులు విప్పీ విప్పకముందే అందరిదీ ఒకటే ప్రశ్న: "ప్రార్థనలో ఎక్కడ లోపం జరిగిందంటారమ్మా?" నాలుగు వారాలు ఓర్చుకుని, ఆవిడ రావడం మానేశారు.

కమిటీ పెద్ద పాపారావుగారు రిటైర్డ్ రెవెన్యూ ఉద్యోగి. విచారణ జరపనిదే మంచినీళ్ళు కూడా ముట్టరు. ఆయన విచారించగా, ఆవిడ ఆదివారం పొద్దున్నే అమలాపురంలో కొత్తగా వెలసిన ఏసీ కాఫీ షాపులో కూర్చుంటున్నారని తేలింది. పాపారావుగారు, స్త్రీల సమాజం పెద్ద కళ్యాణిగారు, నేను అధ్యయన బృందంగా బయల్దేరాం. (అధ్యయనం ఆదివారమే చేయాలి గనక ఆ వారం ఆరాధనకు మేమూ డుమ్మా.)

మూల కుర్చీలో ఉన్న విజయకుమారిగారు మమ్మల్ని చూసి గాభరాగా లేచారు.

"కూర్చోండమ్మా. ఇక్కడ మీకేం నచ్చిందో చెబితే రాసుకుంటామండి" అన్నారు పాపారావుగారు, పెన్ను తీసి.

"ఏముందండీ, కప్పు పెట్టి వెళ్ళిపోతారండి. గంటసేపు ఏడ్చినా ఎందుకని అడగరు. మొన్న ఆ అమ్మాయి టిష్యూ కాగితాలు నా పక్కన పెట్టి, మాట్టాడకుండా వెళ్ళిపోయిందండి. అంతేనండి."

"ఆయ్! టిష్యూ కాగితాలు" అని రాసుకున్నారు పాపారావుగారు.

నాకు తల కొట్టేసినట్టయింది. అయితే మినిట్స్ పుస్తకంలో సిగ్గుకు గడి లేదు.

నెల తిరిగేసరికి మందిరంలో కాఫీ మిషను వెలిసింది. వైఫై వచ్చింది. (ఆ వారం బైబిలు వాక్యం అప్పజెప్పినవారికే పాస్‌వర్డ్.) ఎడమ వైపు ఒక మెత్తని కుర్చీ వేసి "ప్రశాంత మూల" అని బోర్డు కట్టారు. అందులో కూర్చోదలచినవారు ప్రశాంతత అవసరమైన కారణాన్ని ఫారంలో నింపి, ఇద్దరు పెద్దల సంతకాలు పెట్టించుకోవాలి.

పాస్టరుగారు స్వయంగా విజయకుమారిగారింటికి వెళ్ళారు. "ఇంకెవరూ ఏమీ అడగరమ్మా. నాదీ పూచీ" అన్నారు. పాపం, ఆవిడ నమ్మి వచ్చారు. ఫారం మాఫీ చేసి ఆ కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి కాఫీ కప్పు ఇచ్చాం.

అయిదు నిమిషాలు గడిచాయో లేదో, కమిటీ యావత్తూ చుట్టూ మూగింది.

"ప్రశాంతంగా ఉందా అమ్మా?"

"ఏడుపొస్తోందాండీ? టిష్యూ ఇమ్మంటారా?" అన్నారు కళ్యాణిగారు, పెట్టె పట్టుకుని.

"ఇదిగోనండి, మీ అభిప్రాయం" అంటూ పాపారావుగారు కాగితం చేతికిచ్చారు. అందులో కుర్చీకి, కాఫీకి, నిశ్శబ్దానికి మార్కులు వేయాలి. చివరి గడి: "గత ప్రార్థన ఫలించకపోవుటకు మీ దృష్టిలో కారణము."

ఆవిడ ఆ గడి చదివారు.

"మందులు పనిచేయలేదండి. అంతేనండి. నేను ప్రార్థన సరిగ్గానే చేసేనండి" అన్నారు. కప్పు కింద పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రమే అత్యవసర సమావేశం జరిగింది. ఇకపై విజయకుమారిగారిని ఎవరూ, ఎట్టి పరిస్థితుల్లోనూ, ఏ ప్రశ్నా అడగరాదని తీర్మానించి గోడకు అంటించాం.

మరుసటి ఆదివారం ఆ నిబంధన నూటికి నూరుపాళ్ళు అమలైంది. ఆవిడ రాలేదు. ఎందుకు రాలేదని అడిగితే ఉల్లంఘన కిందికి వస్తుంది కనక, అదీ ఎవరూ అడగలేదు.