రైలు రాని స్టేషనుకు ఏటా సున్నం

అయ్యలారా, రైలు వచ్చే స్టేషను కూడా ఒక స్టేషనేనా? పొగ, మసి, తోపులాట, జేబుదొంగలు! గొల్లపల్లి అడవిదారిలో మన బస్తర్ సంస్థానానికి ఉన్న స్టేషను చూసి రండి. ఇరవై ఏళ్లుగా అక్కడ ఒక్క రైలూ లేటు కాలేదు. టికెట్ లేకుండా ఒక్కడూ పట్టుబడలేదు. వెయిటింగ్ రూములో బల్లులు తప్ప ఎవరూ వెయిట్ చెయ్యరు.

పెద్ద యుద్ధం రోజుల్లో ఎవరో కలప వ్యాపారులు టేకు మోయడానికి పట్టాలు వేసి, ఈ స్టేషను కట్టారు. టేకు అయిపోగానే పట్టాలు పీక్కుపోయారు. గోడలు పీకడం కుదరక వదిలేశారు.

ఆ గోడలు చూసి, సంస్థానం పెత్తనం మీదికొచ్చిన ఒక కొత్త దొరగారికి కళ్లు చెమర్చాయి. "ఇది చరిత్ర!" అన్నారట. వెంటనే హుకుం. ఏటా తొలకరిలో గోడలకు సున్నం, కప్పుకు కొత్త గడ్డి, ప్లాట్‌ఫారానికి అలుకు! మరి ఇదంతా ఎవరు చేస్తారు? దొరగారా? చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, ఏటా ఊరికొక ఇంటి వంతున, ఇంటికొకరు, వెట్టికి. గంజి కూడా ఎవరిది వారే తెచ్చుకోవాలి.

ఈ ఏడు ఆ భాగ్యం కేసాకు పట్టింది. కేసా దొర్ల తెగ రైతు. తాతనాటి వరి విత్తనాన్ని గడ్డిచుట్టలో కట్టి, ఏటా విత్తి, ఏటా మళ్లీ కట్టుకుంటున్నవాడు. వాళ్లలో విజ్జ పండుం అని విత్తనాల పండగ ఉంది. ప్రతి ఇంటి పెద్దా గుప్పెడు విత్తనం తెచ్చి పూజారి ముందు కలపాలి. ఒక్క ఇల్లు తక్కువైనా పూజారి మొదలుపెట్టడు, పండగ కాకుండా ఎవరూ విత్తరు. తొలకరి పడింది. ఊరంతా కేసా కోసం కూర్చుంది. కేసా నిచ్చెన మీద సున్నం కొడుతున్నాడు.

వెట్టి చేయించే మున్షీ ధర్మయ్య దగ్గరికి వెళ్లి చేతులు కట్టుకున్నాడు.

"రెండు దినాలు ఇడువు దొరా. నేల పదునుంది. ఇత్తు ఏసి ఉరికొస్త."

"ఏందిరా, నువ్వట్ల పోతే దొరగారొచ్చి గోడ జూస్తే?"

"గోడ యాడికి పోతది దొరా? పదును పోతది గని."

ఎంత అమాయకుడు! చరిత్ర కంటే చిత్తడి నేల ముఖ్యమట! ధర్మయ్య వదల్లేదు. తొమ్మిదో రోజుకు గోడలు తెల్లబడ్డాయి. కేసా ఇంటికి పరుగెత్తాడు, పండుగ జరిగింది. అప్పటికి నేల రాయి అయింది. మళ్లీ వాన కోసం అందరూ ఆకాశం చూశారు.

వాన వచ్చింది. వచ్చి, స్టేషను సున్నం కడిగేసింది. మళ్లీ కబురు, ఊళ్లో ప్రతి ఇంటికీ! ఈసారి దొరగారి ఇన్‌స్పెక్షన్ కూడా ఉంది కాబట్టి రెండు పూతలు వెయ్యాలట. ఆ పూతలు పూర్తయ్యేసరికి విత్తే అదును దాటిపోయింది.

ఇన్‌స్పెక్షన్ బ్రహ్మాండంగా జరిగింది. ఊళ్లోంచి పట్టుకొచ్చిన కోళ్లతో వరండాలో భోజనాలు పెట్టారు. దొరగారి వెంట వెళ్లిన నేనూ తిన్నాను, ఎందుకు దాచడం? దొరగారు గోడ నిమిరారు, ఫోటో దిగారు. తర్వాత దారి పక్కనున్న బీడు పొలాల వైపు చూసి మొహం చిట్లించారు. "వీళ్లింత సోమరులేమిటి? వానాకాలంలో చేలు ఖాళీగా వదిలేశారే!" ధర్మయ్య వినయంగా తల ఊపాడు. సోమరితనం వదలాలంటే వచ్చే ఏడు ఇంటికిద్దరిని పిలవాలని దొరగారు అక్కడికక్కడే సెలవిచ్చారు.

చూశారా, ఎంత దూరదృష్టి! నేను కూడా చప్పట్లు కొట్టాను. ఆ చేతులకు ఇప్పుడు సిగ్గేస్తోంది.

ఎందుకంటే శ్రావణం దాటేసరికి కేసా ఇంట్లో తినడానికి ఏమీ మిగల్లేదు, చేలో పైరు లేనివాడికి అప్పూ పుట్టలేదు. అతని భార్య లక్మే గడ్డిచుట్ట దింపి విప్పింది. రోట్లో పోసి దంచింది. కేసా వద్దనలేక పెరట్లోకి వెళ్లి నిలబడ్డాడు. తాతనాటి వరి ఆ పూట జావయింది. చాలా రుచిగా ఉందని పిల్లలు ఇంకొంచెం అడిగారు.